పడిశపు తుమ్ము

సారంగపాణిని ఒక సందేహం నలభై ఏళ్లుగా పట్టుకుని ఉంది. బయలుదేరే వేళ ఒంటి తుమ్ము వినబడితే ఆగిపోవాలి, కాసేపు కూర్చోవాలి, మంచినీళ్లు తాగి దేవుణ్ణి తలుచుకుని మళ్లీ లేవాలి. ఇందులో అతనికి ఏ అనుమానమూ లేదు. జంట తుమ్ము అయితే నిశ్చింతగా వెళ్లవచ్చు. అందులోనూ లేదు. కానీ తుమ్మిన మనిషికి పడిశం ఉంటే? ముక్కు కారుతున్నవాడు పొద్దున్నుంచీ తుమ్ముతూనే ఉంటాడు. ఆ తుమ్ము మన ప్రయాణం సంగతి చెబుతున్నట్టా, వాడి ముక్కు సంగతి చెబుతున్నట్టా? పురోహితుణ్ణి అడిగితే ఒకసారి లెక్కలోకి వస్తుందన్నాడు. మరోసారి, తనకే పడిశం పట్టి ఉన్న రోజున, రాదన్నాడు.

ఈ సందేహం ఊరికే పుట్టలేదు. పదేళ్ల వయసులో మేనమామ అతన్ని రైల్లో కాజీపేట తీసుకుపోతానన్నాడు. వరంగల్ నుంచి కాజీపేట పక్క స్టేషనే. అయినా పిల్లవాడికి అదే మొదటి రైలు. కిటికీ పక్కన కూర్చోబెడతానని కూడా మామ మాట ఇచ్చాడు. తలకు నూనె రాసుకుని గడప దాటబోతుండగా చెల్లెలు సమ్మమ్మ తుమ్మింది. ఆ పిల్లకు రెండు రోజులుగా పడిశం. అయినా తల్లి మొగిలమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. బండి టైమయిందని మామ వెళ్లిపోయాడు. ఏడ్చే కొడుకును ఊరుకోబెడుతూ, వచ్చే వారం నేనే తోలుకపోతనని తల్లి అంది. ఆ వారం ఇప్పటికీ రాలేదు. తర్వాత సారంగపాణి సరుకు కోసం హైదరాబాదుకు, మొక్కు కోసం తిరుపతికి ఎన్నోసార్లు రైలెక్కాడు. కానీ కాజీపేట వచ్చినప్పుడల్లా అతని మనసు ఎక్కడో చిన్నగా గుచ్చుకునేది.

ఇప్పుడతనికి యాభై దాటాయి. మట్టెవాడలో ఇత్తడి సామాన్ల దుకాణం, దుకాణం వెనకే ఇల్లు. తల్లికి రెండు కళ్లలోనూ పొరలు కమ్మాయి. దుకాణంలో నిలువెత్తు గంగాళాన్ని చూసి ఎవరో బేరానికి వచ్చారనుకుని, "నిలవడ్డవేంది బిడ్డా, కూసో," అని మర్యాద చేస్తోంది. హనుమకొండలో ఒక సత్రంలో కంటి ఆపరేషన్లు చేస్తున్నారని, హైదరాబాదు నుంచి పెద్ద డాక్టరు ఈ మంగళవారం ఒక్కరోజే వస్తున్నాడని తెలిసింది. కుడికంటి పొర బాగా ముదిరిందని, ఇంకా ఆలస్యమైతే ఆ కన్ను దక్కదని ముందు చూసిన డాక్టరు చెప్పాడు. ఎండలు ముదిరితే ఆపరేషన్లు ఆపేస్తారు. మళ్లీ వానలు వెనకపట్టాకే. పది గంటలకల్లా అక్కడ ఉండాలి.

అందుకని ఆ రోజు పొద్దున ఏర్పాటంతా సవ్యంగానే జరిగింది. సారంగపాణి దీపం పెట్టాడు. భార్య అనసూయ పులిహోర మూట కట్టింది. రిక్షా కట్టయ్య వచ్చి వాకిట్లో గంట కొట్టాడు. కట్టయ్య ఈ ఇంటికి కొత్తవాడు కాదు, ప్రతి మంగళవారం మొగిలమ్మను భద్రకాళి గుడికి తీసుకువెళ్లి తెచ్చేది అతనే. మొగిలమ్మ చెప్పులు వెతుక్కోవడానికే చాలాసేపు పట్టింది. అవి దొరికి, ఆమె కొడుకు భుజం పట్టుకుని గడప దగ్గరికి వచ్చేసరికి, కట్టయ్య తుమ్మాడు.

ఒక్కటే తుమ్మాడు. అందరూ ఆగి రెండోదాని కోసం చెవులు రిక్కించారు. అది రాలేదు.

మొగిలమ్మ వెంటనే చెప్పులు విడిచింది. వెతకడానికి అంతసేపు తీసుకున్న మనిషి విడవడానికి అరక్షణం కూడా తీసుకోలేదని సారంగపాణి గమనించాడు గాని, దాని గురించి ఆలోచించలేదు. అతను కూర్చున్నాడు, నీళ్లు తాగాడు, లేచాడు, గడియారం చూశాడు, మళ్లీ కూర్చున్నాడు. మామూలు ప్రయాణమైతే గుక్కెడు నీళ్లతో సరిపోయేది. ఆపరేషన్ అంటే మాటలా? కత్తి కంట్లోకి వెళుతుంది. ఒంటి తుమ్ము మీద అలాంటి పనికి కదలడమంటే అతని కాళ్లు రావడం లేదు. అప్పుడతనికి ఉపాయం తట్టింది. కట్టయ్య ఇంకొక్కసారి తుమ్మితే అది జంట అవుతుంది.

"తుమ్ము అడిగితే వస్తదా సావుకారీ?" అన్నాడు కట్టయ్య. "అదేమన్న బీడీయా, జేబుల నుంచి తీసిచ్చెటందుకు?"

నశ్యం పీలిస్తే వస్తుందని సారంగపాణికి తెలుసు. నశ్యం డబ్బీ ఉన్నది పక్కింటి లక్ష్మీనారాయణ దగ్గర. ఆయన మిర్చి వ్యాపారి. ఆయన గోదాముకూ సారంగపాణి ఇంటికీ మధ్య ఒకటే గోడ. పోయిన ఏడాది ఆ గోదాము ఘాటు భరించలేకపోతున్నామని వీధిలో కొందరు మునిసిపాలిటీకి అర్జీ పెట్టారు. సారంగపాణి దాని మీద సంతకం చేయలేదు. చేయలేదన్న సంగతి లక్ష్మీనారాయణ మాత్రం నమ్మలేదు. అప్పటినుంచి ఇద్దరూ నమస్కారాలు పెట్టుకుంటున్నారు కాని మొహాలు చూసుకోవడం లేదు.

సారంగపాణి తొందరలో ఇదంతా మరిచిపోయి గోదాము ముందు నిలబడ్డాడు. "లక్ష్మన్నా, జర నశ్యం ఇస్తవా? మా ఇంటి ముందట తుమ్ములు సాల్తలేవు."

లక్ష్మీనారాయణ చేతిలో ఉన్న మిరపకాయను బస్తాలో పడేసి అతని వైపు తిరిగాడు. "తుమ్ములు సాల్తలేవా?"

"ఒక్కటే అయింది. ఇంకోటి కావాలె."

"మంచిగ అన్నవు సారంగం. పొద్దుగాల్నే ఇంటికచ్చి ఎత్తిపొడుస్తానవు. ఘాటయితాందని సక్కగ నోటితోని చెప్తే నేను కాదంటనా?"

సారంగపాణి ఏదో చెప్పబోయాడు. లక్ష్మీనారాయణ వినలేదు. డబ్బీ అతని చేతిలో పెట్టి, హమాలీలను కేకేసి, సారంగం గోడకు ఆనుకుని ఉన్న బస్తాలన్నీ ఈ నిమిషమే వీధి అవతలి గోదాములోకి మార్చమన్నాడు. మర్యాద గలవాడు మాట పడడని కూడా గట్టిగా, వీధంతా వినేలా చెప్పాడు.

ఇవతల కట్టయ్య చిటికెడు నశ్యం పీల్చి వరుసగా రెండు తుమ్మాడు. అనసూయ వేళ్లు మడిచి, మొదటిదానితో కలిపి మూడయ్యాయంది. మూడంటే మళ్లీ ఒంటికిందే లెక్క. సారంగపాణి ఇంకో చిటికెడు ఇచ్చాడు. ఈసారి కట్టయ్య ముక్కు ఎర్రబడింది, కళ్ల వెంట నీళ్లు కారాయి, నోరు తెరుచుకుంది, తుమ్ము మాత్రం కొసదాకా వచ్చి వెనక్కి పోయింది. ఎలా తుమ్మాలో చూపించడానికి సారంగపాణి కూడా కొంచెం పీల్చాడు. అదే సమయంలో హమాలీలు మొదటి బస్తాను లేపారు. అది అడుగున చినిగి ఉంది.

ఎర్రటి దుమ్ము గోడ మీదుగా లేచి వీధంతా పరుచుకుంది. కట్టయ్య తుమ్మాడు. సారంగపాణి తుమ్మాడు. అనసూయ తుమ్మింది. ఎదురింటి అరుగు మీద ముసలాయన తుమ్మాడు. పాలు పోయించుకుంటున్నవాళ్లు, పాలు పోస్తున్నవాడు, చివరికి లక్ష్మీనారాయణ కూడా తన గోదాము గుమ్మంలో నిలబడి గౌరవంగా తుమ్మాడు. ఎవరిది ఒంటి, ఎవరిది జంట అన్నది ఇక దేవుడే లెక్కపెట్టుకోవాలి.

"ఇయ్యాల కాదు కొడుకా," అంది మొగిలమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. ఆమె గొంతులో దిగులు కంటే తేలికదనమే ఎక్కువగా ఉంది. "అమ్మవారు వద్దంటాంది. వానలయినంక సూద్దాం."

సారంగపాణికి ఆ మాట వినగానే తల్లి గంగాళంతో మాట్లాడిన దృశ్యం కళ్లముందు మెదిలింది. వానల దాకా ఆగితే ఆ కన్ను ఉండదు. ఆగకపోతే ఇన్ని తుమ్ముల్ని కాదని వెళ్లినట్టు. అతను అటూ ఇటూ తిరిగాడు. దేవుడి గదిలోకి వెళ్లి దణ్ణం పెట్టుకుని, తిరిగి వచ్చేటప్పుడు దీపాలకు వత్తులు చేసే పత్తి పట్టుకొచ్చాడు. తుమ్ము శకునమయ్యేది వినబడితేనే కదా. వినబడని తుమ్ము ఎక్కడో దూరదేశంలో తుమ్మినట్టే. తల్లి చెవుల్లో పత్తి పెట్టాడు, తన చెవుల్లో గట్టిగా కూరుకున్నాడు.

"మరి డాక్టరు చెప్పేది ఎవలు ఇంటరు?" అని అనసూయ అడిగింది.

అప్పటికే పత్తి పెట్టుకుని ఉండడం వల్ల సారంగపాణికి ఆ ప్రశ్న వినబడలేదు. తల ఊపి, తల్లిని ఎక్కించి తానూ రిక్షా ఎక్కాడు.

ఘాటు తగలకుండా అతను తువ్వాలును తలమీదుగా కప్పుకున్నాడు. తల్లి మీద కొంగు కప్పాడు. కట్టయ్య కళ్లు మండుతుంటే సగం మూసుకునే తొక్కాడు. ఆ రోజు మంగళవారం. రిక్షాలో మొగిలమ్మ కూర్చుని ఉంది. ఏళ్లతరబడి అలవాటైన కాళ్లకు కట్టయ్య వేరే ఏమీ చెప్పలేదు, అవీ అడగలేదు. రిక్షా ఆగి, సారంగపాణి తువ్వాలు తీసేసరికి ఎదురుగా భద్రకాళి గుడి మెట్లున్నాయి.

కట్టయ్య నాలుక కరుచుకున్నాడు. సారంగపాణి రిక్షా దిగాడు. గుడి ముందు దాకా వచ్చి దర్శనం లేకుండా వెనక్కి తిరగడమంటే, అది తుమ్ముకంటే పెద్ద తప్పు. లోపలికి వెళ్లాడు, కొబ్బరికాయ కొట్టాడు. కాయ తెల్లగా, సమంగా పగిలింది. దాంతో అతని మనసు ఒక్కసారిగా కుదుటపడింది. పొద్దుటి తుమ్ములన్నీ అమ్మవారు తనను ఇక్కడికి రప్పించుకోవడానికే తుమ్మించిందని అతనికి అర్థమైంది. ఆ సంగతి ఇంట్లో ఉండగా ఎందుకు అర్థం కాలేదని అడిగేవారు అక్కడ ఎవరూ లేరు.

సత్రం చేరేసరికి పది ఎప్పుడో దాటింది. కానీ పెద్ద డాక్టరు కారు జనగామ దగ్గర చెడిపోయిందట, ఆయన రావడమే అప్పుడు వచ్చాడట. కట్టయ్య చేతులతో సైగలు చేసి ఇది తెలియజెప్పాక, సారంగపాణి అమ్మవారికి మనసులో ఇంకో దణ్ణం పెట్టాడు. ముందే వచ్చి ఉంటే ఇక్కడ ఊరికే కూర్చోవలసి వచ్చేది. తుమ్ములు తనను ఆ శ్రమ నుంచి కాపాడాయి.

గుమ్మంలో ఒక నర్సు నిలబడి వచ్చినవాళ్లను లోపలికి పంపుతోంది. ఆమెకు కనిపించినది ఇది: కళ్లు చింతనిప్పుల్లా ఎర్రబడి, ధారగా నీళ్లు కారుతున్న ఒక మగమనిషి, అతని చెయ్యి పట్టుకుని నింపాదిగా నిలబడిన ఒక ముసలమ్మ. ఆపరేషన్ మీకేనా అని నర్సు అతన్ని అడిగింది. సారంగపాణికి ఏమీ వినబడలేదు. కానీ ముప్పై ఏళ్ల దుకాణంలో బేరానికి వచ్చిన మనిషి పెదవులు కదిపితే ముందు తల ఊపడం, తర్వాత సంగతి కనుక్కోవడం అతనికి అలవాటు. తల ఊపాడు. పొద్దున ఏమైనా తిన్నారా అంది. మళ్లీ ఊపాడు. బీపీ ఉందా అంది. దానికీ ఊపాడు. ఆమె అతని నుదుటి మీద పట్టీ అంటించి, బెంచీ మీద వెల్లకిలా పడుకోబెట్టి, రెండు కళ్లలోనూ చుక్కల మందు పోసింది. మంట చల్లబడడానికి మందు వేస్తున్నారనుకుని, ఎంత మంచి మనుషులో అనుకున్నాడు సారంగపాణి.

కాసేపటికి పైకప్పు మసకబారింది. తర్వాత తన చెయ్యి తనకే రెండుగా కనిపించింది. భయపడి చెవుల్లో పత్తి పీకేశాడు. పక్క బెంచీ మీద మనిషి, కొయ్యేటప్పుడు నొప్పి ఉండదంటున్నారు గాని తనకు నమ్మకం లేదని ఎవరితోనో చెబుతున్నాడు. అప్పుడు సారంగపాణికి తాను ఏ వరుసలో పడుకుని ఉన్నాడో తెలిసింది. లేచి ఆపరేషన్ తనకు కాదని చెప్పబోయాడు. భయపడే ప్రతివాడూ అదే మాట చెబుతాడని నర్సు అతన్ని మళ్లీ పడుకోబెట్టింది.

ఆడవాళ్ల వైపున మొగిలమ్మ ఇంకో లోకంలో ఉంది. ఆమె పక్కన కూర్చున్న రాజక్క పరకాల వైపు పల్లె నుంచి వచ్చింది. పోయినసారి ఒక కన్ను చేయించుకుంది, ఇప్పుడు రెండోదానికి వచ్చింది. మొగిలమ్మ పత్తి ఎప్పుడో తీసేసి ఆమె మాటలు వింటోంది. కత్తి గురించి, నొప్పి గురించి రాజక్క ఒక్క మాట చెప్పలేదు.

"కట్టు ఇప్పినంక సూద్దును గదా అక్కా," అంటోంది రాజక్క, "మా కోడలు పోసే సల్ల నిండ నీళ్లే. రెండేండ్లు తాగిన. నా మంచం కింద కోడి పొదిగి పిల్లల్ని లేపిందట, ఒక్కలు చెప్పలే. మా ఇంటాయన మీసాలు తెల్లగైనయని గప్పుడే ఎరుక నాకు."

తన ఇంట్లో తనకు తెలియకుండా ఏమేం జరుగుతున్నాయో అన్న ఊహ మొగిలమ్మను కుదురుగా కూర్చోనివ్వలేదు. కోడలు మంచిదే. కానీ పొరుగూరి ఆడమనిషికి తెలిసినంత కూడా తన వంటిల్లు తనకు తెలియకపోవడమేమిటి? ఆమె లేచి, గోడ పట్టుకుని నడుస్తూ, తన వంతు ఎప్పుడని కనిపించిన ప్రతి ఆకారాన్నీ అడగడం మొదలుపెట్టింది. ఆమెకు వంతు లేదని, వంతు ఆమె కొడుకుదని నర్సు చెప్పింది. "వానికేమైంది?" అంది మొగిలమ్మ. అలా సంగతి బయటపడింది.

పెద్ద డాక్టరు స్వయంగా వచ్చాడు. దారిలో కారు పక్కన చలిగాలిలో నిలబడినందువల్ల ఆయన ముక్కు దిబ్బడ వేసి ఉంది. సారంగపాణి కంటిరెప్ప ఎత్తి చూసి, "మీ కండ్లకు ఏం లేదు. మిరపకాయలు తిన్నరా, కండ్లకు పెట్టుకున్నరా?" అని అడిగాడు. నర్సును నాలుగు మాటలు అని, ముసలమ్మ కన్ను పరీక్షించి, ఇంక ఆగకూడదు, ముందు ఈమెనే తీసుకురమ్మన్నాడు. అని, అటు తిరిగి, రుమాలు అడ్డం పెట్టుకుని తుమ్మాడు.

ఒక్కటే.

సారంగపాణి పొద్దున్నుంచీ ఇంత భయపడలేదు. కాసేపటి క్రితం ఆ బల్ల మీద ఎక్కబోయింది తనే కదా. అతను మసక కళ్లతో తడుముకుంటూ వెళ్లి తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"అవ్వా, వద్దే. కోసేటాయనే తుమ్మిండు. ఇంటికి పోదాం పా."

"ఆయనకు పడిశం," అంది మొగిలమ్మ. "పడిశపు తుమ్ముకు లెక్కలేదు."

సారంగపాణి చెయ్యి వదల్లేదు. నలభై ఏళ్లుగా ఏ పురోహితుడూ తేల్చని మాట తల్లి నోటి నుంచి ఇంత సులువుగా రావడం అతనికి మింగుడుపడలేదు.

"మరి నేను కాజీపేటకు పోతాన్ననాడు సమ్మమ్మకు గూడ పడిశమే ఉండె గదనే."

మొగిలమ్మ తన కొడుకు మొహం ఉండవలసిన చోటుకేసి చూసింది. "ఉండె."

"గప్పుడు లెక్కెట్లయింది?"

"గప్పుడు నిన్ను రైలెక్కియ్యాల్నంటె నాకు భయముండె కొడుకా. కిటికీలకెల్లి వంగుతవని." చెయ్యి మెల్లగా విడిపించుకుంది. "గిప్పుడు నాకు కన్ను కావాలె. ఇడువు."

ఆమె నర్సు వెంట లోపలికి వెళ్లింది. ఏ కాలు ముందు పెట్టిందో సారంగపాణికి మసకలో కనిపించలేదు. చూడాలని కూడా అనిపించలేదు. అతను బెంచీ మీద కూర్చుని, దేవుడికి దణ్ణం పెట్టుకుంటూనే, పొద్దున ఆమె చెప్పులు అంత వడిగా ఎందుకు విడిచిందో ఇప్పుడు ఆలోచించాడు. తర్వాత కొబ్బరికాయ సంగతి కూడా ఆలోచించబోయి, అది అమ్మవారి విషయం కనుక అక్కడ ఆపేశాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పిన రోజున మొగిలమ్మ మొదట కొడుకును చూసింది. "గింత ముసలోనివి ఎప్పుడైనవురా?" అంది. కొన్నాళ్లకు మందపాటి కళ్లద్దాలు వచ్చాయి. వాటితో ఆమె వంటింటి బూజు చూసింది, డబ్బాల వెనక పగిలిన గిన్నె చూసింది, చల్లను గ్లాసులో పోసి వెలుతురుకు ఎత్తి చూసింది. అత్తగారికి చూపు వచ్చినందుకు మొక్కు చెల్లించిన అనసూయ, అంత తొందరగా చెల్లించకుండా ఉండవలసిందని ఒకరోజు భర్తతో అంది. లక్ష్మీనారాయణ మాత్రం, సారంగం ఒక్కమాటకు తాను బస్తాలన్నీ మార్చిన సంగతి బజారులో పదిమందికీ చెప్పుకుని, మళ్లీ మొహం చూసి పలకరించసాగాడు.

ఒక ఆదివారం పొద్దున దుకాణం మూసి ఉండగా, మొగిలమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడింది. చెప్పులు అప్పటికే వేసుకుని ఉంది.

"పా, కాజీపేటకు పోదాం."

"కాజీపేటల ఏమున్నదే?"

"ఏం లేదు. పోయద్దాం. తోలుకపోతనంటిని గద."

సారంగపాణి చొక్కా తొడుక్కున్నాడు. ఒక కాలు గడప అవతల పెట్టాడో లేదో, లోపల అనసూయ తుమ్మింది. ఆమెకు ముందురోజు నుంచి ముక్కు కారుతోంది. సారంగపాణి ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని నిలిచిపోయాడు. తల్లి వెనక్కి కూడా తిరగకుండా వీధి మలుపు దాకా వెళ్లింది. అతను గబగబా లోపలికి వచ్చి, ఎవరూ చూడకుండా ఒక గుక్క నీళ్లు తాగి, పరుగున ఆమెను కలుసుకున్నాడు.

ప్యాసింజరులో జనం బాగానే ఉన్నారు. కిటికీ దగ్గర ఒక్క చోటు దొరికింది. మొగిలమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని అక్కడ కూర్చోబెట్టింది. తెల్లజుట్టు మనిషి బుద్ధిగా కూర్చుని బయటికి చూశాడు. చేతులు కిటికీ లోపలే ఉంచుకొమ్మని ఆమె చెప్పింది. అతను ఉంచుకున్నాడు. బండి కూత వేసి, కదిలి, వరంగల్ ప్లాట్‌ఫారం చివరి దాకా వచ్చింది.

"ఇగ తీరింది గదా," అంది మొగిలమ్మ కళ్లద్దాలు తుడుచుకుంటూ. "లే, నేను సూడాలె."

కాజీపేట దాకా సారంగపాణి నిలబడే వెళ్లాడు.